నిరాశ్రయులకు ఇల్లు నడపాలంటే డబ్బు లెక్క ఎలా చూసుకోవాలి? బరంపురం చుట్టుపక్కల వాళ్లకు

బరంపురం రైల్వే స్టేషన్లోనో, ఎంకేసీజీ పెద్దాసుపత్రి వరండాలోనో, కొత్త బస్టాండు అరుగుల మీదో రాత్రిళ్లు పడుకునేవాళ్లను చూసి, వీళ్లకో ఇల్లు పెడదామని అనుకునేవాళ్లకు మనలో కొదవ లేదు. అద్దెకో డాబా, ఇరవై మంచాలు, వండిపెట్టడానికో మనిషి ఉంటే చాలనిపిస్తుంది. ఇలాంటి ఇళ్లు మూతపడేది దయ తగ్గి కాదు. రోజుకి ఒక్కో మంచానికి ఎంతవుతోందో ఎవరూ లెక్క కట్టరు, వచ్చిన డబ్బంతా ఒకే ఖాతాలో కలిసిపోతుంది. ఈ రెండూ సరిచేసుకుంటే మిగతా పని చాలావరకు దారిలో పడుతుంది. కింద ఇరవై మంచాల ఇల్లు ఒకటి ఉదాహరణగా తీసుకుంటున్నాను. అంకెలన్నీ నా అంచనాలే, మీ పేట ధరలు పెట్టుకుని మార్చుకోండి.

1. ఎవరిని చేర్చుకుంటారో ముందు రాసుకోండి

ఇది లెక్కల పనే. సూరత్ మరమగ్గాల మీద ఏళ్ల తరబడి పనిచేసి, ఒళ్లు పాడై, ఇంటికి పోలేక స్టేషన్లో ఆగిపోయిన మనిషికి అయ్యే ఖర్చు వేరు. కొడుకులు వదిలేసిన డెబ్బై ఏళ్ల ముసలావిడకి అయ్యేది వేరు. మతి చలించి రోడ్ల మీద తిరిగేవాళ్లకి మరీ వేరు. మొదటి మనిషికి మూడు నెలల ఆసరా దొరికితే మళ్లీ పనిలో పడతాడు. రెండో ఆవిడ ఇక మీ దగ్గరే ఉంటుంది. ఆవిడ మంచం ఖర్చు ఏళ్ల తరబడి సాగేదని ముందే ఒప్పుకుని లెక్కలో వేసుకోవాలి.

మానసిక రోగుల్ని ఉంచుకుని వైద్యం, సంరక్షణ ఇవ్వాలనుకుంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ఆ ఇల్లు రిజిస్టర్ కావాలి. డాక్టరు, నర్సు, కేసు షీట్లు అన్నీ ఖర్చులోకి వస్తాయి. ఆ స్తోమత లేకపోతే లేదని చెప్పేయండి. రోడ్డు మీద తిరిగే మానసిక రోగిని రక్షణలోకి తీసుకుని ఆసుపత్రికి చేర్చే బాధ్యతను ఆ చట్టంలోని 100వ సెక్షన్ పోలీసుల మీద పెట్టింది. పోలీస్ స్టేషన్ ఇన్‌ఛార్జిని అడిగి ఆ పని చేయించుకోవచ్చు. 'అందరినీ చేర్చుకుంటాం' అని బోర్డు రాయించిన ఇల్లు ఏడాది తిరగకుండానే అప్పుల్లో పడుతుంది.

2. ఒక మంచం, ఒక రోజు

ఇరవై మంచాలకు నెల ఖర్చు ఇలా వేద్దాం. లంజిపల్లి వైపో గోసాని నువాగావ్ వైపో ఇంటి అద్దె 18,000. పగలొకరు, రాత్రికిద్దరు, వంటకొకరు, మొత్తం నలుగురికి తలా 13,000 చొప్పున జీతాలు 52,000. మనిషికి రోజుకి 75 రూపాయల తిండి, నెలకు 45,000. కరెంటు, గ్యాసు, నీళ్లు 11,000. మందులు, ఆసుపత్రికి ఆటోలు 8,000. సబ్బులు, ఫినాయిల్, దుప్పట్ల ఉతుకు 5,000. ఫోను, కాగితాలు, ఆడిటరు ఫీజులో నెల వాటా 6,000. మరమ్మతులకు, పాతబడిన పరుపులు మార్చడానికి 5,000. అన్నీ కలిపితే లక్షా యాభై వేలు. ఇరవై మంచాలు, ముప్ఫై రోజులు, అంటే ఆరు వందల మంచం రోజులు. ఒక్కో దానికి 250 రూపాయలు పడింది.

ఇప్పుడు పద్నాలుగు మంచాలే నిండాయనుకోండి. తిండి ఖర్చు 31,500కి దిగుతుంది. అద్దె దిగదు, రాత్రి కాపలా మనిషి జీతం దిగదు. మొత్తం 1,36,500ను 420 మంచం రోజులతో భాగిస్తే ఒక్కో మంచానికి 325. మనుషులు తగ్గారు కాబట్టి ఖర్చు తగ్గిందనుకునే కమిటీ సభ్యులకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. ఖాళీ మంచం ఖర్చు కూడా నిండిన మంచాల మీదే పడుతుంది.

చాలామంది ఈ పట్టీ వేసేటప్పుడు రెండు పద్దులు వదిలేస్తారు. మొదటిది రాత్రి డ్యూటీకి రెండో మనిషి. ఒక్కడే ఉన్న రాత్రి ఎవరికో ఫిట్స్ వస్తే ఇల్లు వదిలి ఆసుపత్రికి ఎవరు వెళ్తారు? రెండోది చావు ఖర్చు. ముసలివాళ్లు, జబ్బువాళ్లు ఉన్న ఇంట్లో ఏడాదికి ఒకరో ఇద్దరో పోతారు. పాడె, కట్టెలు, వాహనం, ఊళ్లో ఉన్న బంధువులకు కబురు, అన్నిటికీ డబ్బు కావాలి. ఒడిశా ప్రభుత్వానికి హరిశ్చంద్ర సహాయత యోజన ఉంది. దిక్కులేనివాళ్ల, పేదవాళ్ల దహనానికి సాయం చేస్తుంది. కానీ ఆ డబ్బు వెంటనే చేతికొస్తుందని నమ్మలేం. అందుకని పెట్టెలో విడిగా ఓ ఐదారు వేలు ఎప్పుడూ ఉండాలి.

పర్లాకిమిడి, రాయగడల్లో అద్దె తక్కువే. అయితే పెద్ద వైద్యం కావాలంటే బరంపురమో, కొరాపుట్ మెడికల్ కాలేజీయో, విశాఖ కేజీహెచ్చో పోవాలి. అద్దెలో మిగిలింది బండి కిరాయికి పోతుంది.

3. డబ్బుని నాలుగుగా విడగొట్టండి

బ్యాంకులో రెండు ఖాతాలు, ఒక నిల్వ నిధి, ఇంట్లో ఒక విడి పుస్తకం. రోజువారీ ఖర్చుల ఖాతా ఒకటి. ఫలానా పనికని ఇచ్చిన గ్రాంటు డబ్బుకి రెండో ఖాతా. ఏ అవసరమొచ్చినా అందులోంచి జీతాలు ఇవ్వకూడదు. 'వచ్చే వారం తిరిగి వేసేద్దాం' అనే మాటతోనే, గ్రాంటు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ దగ్గర ఇరుక్కునేది. మూడోది నిల్వ నిధి, దీన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచుకోవచ్చు. నాలుగోది అసలు మనది కాదు. అది ఇంట్లో ఉండేవాళ్ల సొంత డబ్బు, దానికి విడిగా పుస్తకం.

ఈ నాలుగో దాని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. చెడ్డపేరు వచ్చేది ఎక్కువగా ఇక్కడే. ముసలాయన మీ దగ్గరికి వచ్చేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో ఆధార్, పాస్‌బుక్, ఏటీఎం కార్డు తెస్తాడు. ఆ కార్డు కవరు మీద బాల్ పెన్నుతో పిన్ నంబరు రాసి ఉంటుంది. 'నువ్వే తియ్యి నాయనా, నాకు కనబడదు' అంటాడు. అక్కడే ఆగండి. మీరు పిన్ తెలుసుకోకండి, మీ సిబ్బందిని తెలుసుకోనివ్వకండి. బ్యాంకు తరఫున పేటలో డబ్బిచ్చే బ్యాంకు మిత్ర దగ్గరికి ఆయన్నే వెంటబెట్టుకెళ్లి వేలిముద్రతో తీయించండి. తీసింది ఆయన చేతికే ఇవ్వండి. దాచమంటే ఆయన పేరున కవరు కట్టి తాళం పెట్టెలో పెట్టి, పుస్తకంలో తేదీ, మొత్తం, ఆయన వేలిముద్ర, ఇద్దరి సంతకాలు వేయించండి. ఆ ఇద్దరిలో ఒకరు సిబ్బంది కాకూడదు. ఇంట్లో ఉండే మరొకరో, పక్కింటివాళ్లో అయితే మేలు.

ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కాబట్టి మనకి పింఛన్ల చిక్కు ఒకటుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చినవాళ్లకి ఆంధ్రలో పింఛను ఉండొచ్చు. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకి నెలకి 4,000. ఒడిశా మధుబాబు పింఛను వెయ్యి, ఎనభై ఏళ్లు దాటితే 3,500. ఒకే మనిషి రెండు రాష్ట్రాల్లో తీసుకోకూడదు. మీ ఇంటి చిరునామా మీద ఇక్కడ కొత్తగా దరఖాస్తు పెట్టించే ముందు అక్కడ నడుస్తున్నదేమో కనుక్కోండి. ఆంధ్ర పింఛను నెల మొదటి తేదీన సొంత ఊళ్లో, ఇంటి దగ్గరే ఇస్తారు. రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో కలిపి తీసుకోవచ్చు. కాబట్టి నెలనెలా తిప్పకుండా మూడు నెలలకోసారి తోడు మనిషినిచ్చి పంపితే రైలు ఖర్చు కలిసొస్తుంది. ఆ ఖర్చు మీ బడ్జెట్‌లో 'ప్రయాణం' కింద ముందే రాసుకోండి, వాళ్ల పింఛన్లో కోయకండి. రేషన్ సంగతి ఇంత కష్టం కాదు. ఆంధ్ర కార్డు జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చినదైతే, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద దాని మీద బియ్యం ఇక్కడి డిపోలోనూ తీసుకోవచ్చు.

క్షయ ఉన్నవాళ్లకి నిక్షయ్ పోషణ్ కింద నెలకి వెయ్యి రూపాయలు వాళ్ల ఖాతాలోనే పడతాయి. ఖాతా లేకపోతే పడవు. అందుకని చేరిన వారంలోనే ఆధార్, జీరో బ్యాలెన్స్ ఖాతా, ఈ రెండు పనులూ మొదలుపెట్టండి.

4. రాబడి: ఏది ఎంతవరకు నమ్మొచ్చు

ప్రభుత్వ డబ్బుతోనే ఇల్లు నడుస్తుందనుకోకండి. పట్టణ నిరాశ్రయుల షెల్టర్ల పథకం 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో భాగంగా వచ్చింది. లక్ష జనాభాకి వంద మందికి సరిపడా షెల్టరు, మనిషికి 50 చదరపు అడుగుల చోటు అన్నారు. 2011 లెక్కల్లో బరంపురం జనాభా మూడున్నర లక్షలు దాటింది, అంటే 350 మందికి చోటుండాలి. నిర్వహణకి ఆ పథకం పెట్టిన అంకె యాభై మంది షెల్టరుకి ఏడాదికి 6 లక్షలు. భాగించి చూడండి, మనిషికి రోజుకి 33 రూపాయల లోపే. మన లెక్కలో మంచానికి 250. ఆ మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. ఇప్పుడు ఏ పథకం కింద ఏమొస్తుందో మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోండి. కార్పొరేషన్ నుంచి డబ్బు కన్నా విలువైనది ఒకటి రావచ్చు: భవనం. అద్దె లేకపోతే మన లెక్కలో మంచానికి 30 రూపాయలు తగ్గుతుంది.

విరాళాలు. మనవాళ్ల చెయ్యి పెద్దదే, కానీ అంతా అన్నదానం వైపే. బడా బజార్ షావుకారు తండ్రి తద్దినం, ఇంకొకరి మనవరాలి పుట్టినరోజు, కార్తీక సోమవారం, అన్నీ భోజనాలే. ఆదివారం మధ్యాహ్నం మూడు డేగిసాల పులిహోర వచ్చి మిగిలిపోతుంది. మంగళవారం రాత్రి వంటమనిషి బియ్యం డబ్బా అడుగు గీకుతుంది. రాత్రి కాపలా మనిషి జీతం ఇస్తానని ఎవరూ ముందుకు రారు. దాతల్ని తప్పుపట్టి లాభం లేదు, అడిగే తీరు మార్చాలి.

గోడకి పెద్ద కేలండర్ తగిలించండి, రోజుకి ఒక్క భోజనమే బుక్ చేయండి. ఫోన్ చేసినవాళ్లతో ఇలా మాట్లాడొచ్చు: 'అమ్మగారి సంవత్సరీకం అన్నారు కదండీ, ఆ రోజు తప్పకుండా రండి, మీ చేత్తోనే వడ్డించండి. ఆ రోజు తిండి ఖర్చు ఒక్కటే అయితే పదిహేను వందలవుతుంది. ఆ రోజంతా ఇంటి ఖర్చు అమ్మగారి పేరు మీద పెట్టుకుంటే ఐదు వేలు. బోర్డు మీద ఆమె పేరు రాస్తాం.' ఇరవై మంచాలకి 250 చొప్పున ఐదు వేలు, అందులోనే తిండి, అద్దె, కాపలా అన్నీ ఉన్నాయి. 'రోజు' అమ్మడం అలవాటయ్యాక నెలకి పది రోజులు ఇలా పోతే మూడో వంతు ఖర్చు దొరికినట్టే. ఐదు వేలు ఇవ్వలేనివాళ్లకి ఒక మంచం రోజు 250. నెలనెలా 250 పంపే వందమంది, ఏడాదికోసారి లక్ష ఇచ్చే ఒక్కరికంటే నయం. ఆ ఒక్కరికి కోపమొస్తే లక్షా పోతుంది.

సంపాదించుకుంటున్నవాళ్ల నుంచి వాటా తీసుకోవచ్చా? తీసుకోవచ్చు, తీసుకుంటే వాళ్లకీ తల ఎత్తుకుని ఉన్నట్టుంటుంది. కానీ మొదటి మూడు నెలలు ఏమీ అడగకండి, తర్వాత కూడా పదో వంతు దాటనివ్వకండి. హోటల్లో గిన్నెలు కడిగి నెలకి తొమ్మిది వేలు తెచ్చుకునే మనిషి తొమ్మిది వందలు కడతాడు. అలాంటివాళ్లు ఐదుగురుంటే 4,500, అంటే మన నెల ఖర్చులో నూటికి మూడు. దీనితో ఇల్లు నడవదు. కట్టలేదని ఎవరినీ బయటికి పంపకూడదు. దీనికన్నా వాళ్ల చేత పొదుపు చేయించడం మీకే లాభం. బయట గదికి అడ్వాన్సు మూడు వేలు లేక మీ దగ్గరే ఉండిపోయినవాడు పన్నెండు రోజుల్లో మీకు ఆ మూడు వేల ఖర్చు పెడతాడు. ఆ అడ్వాన్సు మీరే అప్పుగా ఇచ్చి పంపితే మంచం ఇంకొకరికి దొరుకుతుంది. తిరిగి రాకపోయినా నష్టం లేదు. ఏడాదికి ముప్ఫై వేలు దీనికని పక్కన పెట్టండి.

ఇక వ్యాపారం. బరంపురం అనగానే అప్పడాలు, పచ్చళ్లు గుర్తొస్తాయి కాబట్టి అందరికీ మొదట తట్టేది అప్పడాల యూనిట్టే. పెట్టండి, కాకపోతే లెక్క చూసి పెట్టండి. కిలో 260కి అమ్మితే మినప్పిండి, ఇంగువ, కవర్లకి 150, చేసినవాళ్ల కూలి 80, చేరవేతకి 15 పోగా మిగిలేది 15. ఒక మంచం రోజుకి దాదాపు పదిహేడు కిలోలు అమ్మాలి. కూలి ఎగ్గొడితే మిగులు బాగా కనబడుతుంది, 'తిండి పెడుతున్నాం కదా, పని చేయనీ' అనేవాళ్లూ ఉంటారు. అది దానమూ కాదు, వ్యాపారమూ కాదు, వెట్టి. చేసిన పనికి కూలి వాళ్ల ఖాతాలో పడాలి. యూనిట్ పెట్టేది ఇంటిని పోషించడానికని కాకుండా అందులో ఉన్నవాళ్లకి కూలి దొరకడానికని అనుకుంటే ఆ లెక్క సరిపోతుంది. ఆహార భద్రత సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు కవరు మీద ఉండాలి, వ్యాపారం పుస్తకాలు ఇంటి పుస్తకాలతో కలవకూడదు.

పెద్ద కంపెనీలు సమాజ సేవకని ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు సంగతి మీరు మూడేళ్లు పనిచేసి చూపించాక చూసుకోండి. ఛత్రపురంలో ఐఆర్ఈఎల్ లాంటివి దగ్గర్లోనే ఉన్నాయి. ఆ డబ్బు పరుపులకి, ఇన్వర్టరుకి, బాత్రూముల మరమ్మతుకి అడగండి. జీతాలకి అడిగితే ప్రాజెక్టు ముగిసిన రోజు మనిషిని తీసేయాల్సి వస్తుంది.

5. కాగితాలు

సొసైటీయా, ట్రస్టా, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీయా అన్నది మీ ఆడిటరుతో కూర్చుని తేల్చుకోండి. చిన్న ఇంటికి 1860 చట్టం కింద సొసైటీ చాలు. పాన్, బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ ఎన్జీఓ దర్పణ్‌లో నమోదు, ఆ తర్వాత ఆదాయపు పన్ను శాఖలో, పాత చట్టం నంబర్లలో చెప్పాలంటే, 12ఏబీ (సంస్థ రాబడికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను మినహాయింపు). మొదట మూడేళ్లకి తాత్కాలికంగా ఇస్తారు. కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, సెక్షన్ల నంబర్లు, ఫారాలు మారతాయి. పాత నంబర్లతో రసీదు పుస్తకాలు వెయ్యేసి కాపీలు అచ్చు వేయించకండి. సూత్రాలు మాత్రం ఇవీ: వచ్చిన రాబడిలో 85 శాతం ఆ ఏడాదే అసలు పనికి ఖర్చు కావాలి. నగదు విరాళం 2,000 దాటితే దాతకి పన్ను మినహాయింపు రాదు. ఒకరికి ఒకే రోజు 10,000కి మించి నగదు ఇవ్వకండి. దాతల జాబితా మే 31లోగా దాఖలు చేసి వాళ్లకి సర్టిఫికెట్లు పంపాలి. బియ్యం బస్తా ఇచ్చినా రసీదు రాయండి, 'వస్తు రూపంలో' అని. విదేశీ డబ్బు, అమెరికా మేనల్లుడు విదేశీ పౌరసత్వం తీసుకున్నాక పంపేది సహా, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా ముట్టుకోకూడదు.

కరెంటు మీటరు ఏ కేటగిరీలో ఉందో మన కరెంటు కంపెనీ టీపీఎస్‌ఓడీఎల్ బిల్లు తీసి చూడండి. కొన్నిచోట్ల ఇలాంటి ఇంటిని వ్యాపార సంస్థల వరసలో జనరల్ పర్పస్ కింద వేసేస్తారు. ఒడిశా టారిఫ్‌లో స్పెసిఫైడ్ పబ్లిక్ పర్పస్ అని విడిగా ఒక కేటగిరీ ఉంది, దానికి దరఖాస్తు పెట్టుకోండి.

6. ఏడాదిలో డబ్బు ఎప్పుడొస్తుంది, ఎప్పుడు పోతుంది

తిండి తీసేస్తే మన నెల స్థిర ఖర్చు లక్షా ఐదు వేలు. దానికి మూడు రెట్లు, 3,15,000, నిల్వ నిధిలో ఉండాలి. గ్రాంటు వాయిదా ఆలస్యమవడం సర్వసాధారణం, జీతం ఆలస్యమైతే మాత్రం రాత్రి మనిషి రెండో నెలకి వెళ్లిపోతాడు. విరాళాలు దసరా నుంచి సంక్రాంతి దాకా ఎక్కువ, వేసవిలో బాగా తగ్గుతాయి. సరిగ్గా వేసవిలోనే కరెంటు బిల్లు, నీళ్ల ట్యాంకర్లు, వడదెబ్బ కేసులు. కార్తీకంలో వచ్చింది కార్తీకంలోనే ఖర్చు పెట్టేయకండి.

తుపాను డబ్బు వేరుగా ఉండాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. రెండూ దసరా రోజుల్లోనే. సెప్టెంబరు ఆఖరుకి ముప్ఫై వేలు నగదుగా, నాలుగు రోజుల బియ్యం, పప్పు, గ్యాసు, మందులు ఇంట్లో ఉండాలి. కరెంటు పోతే ఏటీఎంలు, ఫోన్ చెల్లింపులు రెండూ పనిచేయవు. ఆ నాలుగు రోజులూ ఇరవై మంది ఉన్నచోట నలభై మంది వస్తారు. వాళ్లని పొమ్మనలేరు.

7. నెలకోసారి లెక్క చదవండి

నెల ఐదో తేదీలోగా ఒక్క పేజీ: ఎన్ని మంచం రోజులు నిండాయి, ఒక్కోటి ఎంత పడింది, ఎక్కడెక్కడి నుంచి ఎంత వచ్చింది, నిల్వ ఎంతుంది. దాన్ని ఇంట్లో అందరి ముందూ తెలుగులోనూ ఒడియాలోనూ పైకి చదవండి. వంటనూనె ఖర్చు ఎందుకు పెరిగిందో కమిటీ కన్నా పంక్తిలో కూర్చునేవాళ్లకే బాగా తెలుసు, వాళ్లే చెబుతారు.

నిల్వ నిధి రెండు నెలల ఖర్చుకి దిగితే కొత్తవాళ్లని చేర్చుకోవడం ఆపేయాలని ఇల్లు తెరిచిన రోజే తీర్మానం రాసుకోండి. ఒక్క నెలకి దిగితే కలెక్టరాఫీసుకి, మున్సిపాలిటీకి ఉత్తరం వెళ్లాలి, ఎవరెవరిని ఎక్కడికి మార్చాలో పేర్లతో సహా. మందులు వాడుతున్నవాళ్లకి నెల మందులు, ప్రతి ఒక్కరికీ తమ కాగితాలు, తమ కవరులోని డబ్బు చేతికిచ్చాకే ఇంటి తాళాలు యజమానికి అప్పగించాలి.